ఉప్పు కడగని రెగ్యులేటర్

సముద్రంలోంచి వచ్చిన రెగ్యులేటర్‌ను కడగడం పెద్ద విద్యేమీ కాదు. చెయ్యాలన్న బుద్ధి ఉంటే పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు పెట్టని మనుషుల మీద నాకు వచ్చిన కోపం మూడేళ్ళయినా తగ్గలేదు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి తగ్గే అవకాశం కూడా కనబడడం లేదు.

శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక పల్లె పక్కన, పర్యాటకులకు స్కూబా డైవింగ్ చేయించే చోట నేను పనిచేసేదాన్ని. రేకుల షెడ్డు, ఒక ఫైబర్ బోటు, ఎనిమిది సెట్ల సామాను. బోటు నడిపే మనిషిని పక్కనపెడితే మేం ముగ్గురం. యజమాని విజయనగరం నుంచి కారులో వచ్చి వెళ్ళేవాడు. సీనియర్ డైవర్ ఆ పల్లెవాడే. చిన్నప్పుడే ఊపిరి బిగబట్టి రాళ్ళ సందుల్లో రొయ్యలు పట్టిన మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, అతను సెల్లీ అనేవాడు.

నాది రాజాం. నాన్నది ధాన్యం వ్యాపారం. ఎచ్చెర్లలో పీజీ చదువుతున్నప్పుడు స్నేహితురాళ్ళతో విశాఖ వెళ్ళి మొదటిసారి నీళ్ళ కింద ఊపిరి పీల్చాను. ఆ తర్వాత చదువు పూర్తిచేశానే గానీ మనసు మళ్ళీ ఒడ్డుకి రాలేదు. డైవింగ్ కోర్సులు చేశాను. చెన్నైలో నెల రోజులుండి రెగ్యులేటర్లు విప్పి బాగుచెయ్యడం నేర్చుకున్నాను. మా షెడ్డులో ఆ పని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

రెగ్యులేటర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్తాను. సిలిండర్‌లో గాలిని కుక్కి కుక్కి నింపుతారు. అంత ఒత్తిడితో అది నేరుగా నోట్లోకి వస్తే మనిషి బతకడు. ఆ ఒత్తిడిని తగ్గించి, పీల్చినప్పుడు పీల్చినంతే ఇచ్చేది రెగ్యులేటర్. ఒక ఇత్తడి ముక్క సిలిండర్ మూతికి బిగుసుకుంటుంది. దాన్నుంచి గొట్టాలు వస్తాయి. ఒక గొట్టం చివర నోట్లో పెట్టుకునే ముక్క ఉంటుంది. ఇంకో గొట్టం చివర అలాంటిదే అదనంగా ఒకటి, పక్కవాళ్ళకి ఆపద వస్తే ఇవ్వడానికి. నీళ్ళ కింద మనిషికీ చావుకీ మధ్య ఉన్నది అదొక్కటే.

దాన్ని కడిగే పద్ధతి ఇది. ముందు ఇత్తడి ముక్క మూతినీ, దాని చిన్న మూతనీ పొడిగా తుడిచి, మూత గట్టిగా బిగించాలి. తర్వాతే మంచినీళ్ళ తొట్టెలో ముంచాలి. నోటి ముక్క మీద ఒక బొత్తాం ఉంటుంది, డైవింగ్‌లో లోపలి నీళ్ళని గాలితో బయటికి కొట్టడానికి. సిలిండర్‌కి బిగించకుండా నీళ్ళలో ఉండగా దాన్ని నొక్కకూడదు. నొక్కితే లోపలి వాల్వు తెరుచుకుని నీళ్ళు గొట్టంలోకి ఎక్కిపోతాయి. కాసేపు నానాక, నోటి వైపు నుంచి మంచినీళ్ళు పోసి, ఊపిరి వదిలినప్పుడు గాలి బయటికి పోయే రబ్బరు పొర కింద ఇసుక లేకుండా కడగాలి. నీడలో ఆరెయ్యాలి. అంతే.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే సీనియర్ తన సెట్టు తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేశాడు.

"సెల్లీ, ఇది కూడా కడిగీ."

"నీది నాను కడగాలేటన్నా?"

"ఆడోళ్ళ సెయ్యి పడితే సామాను తళతళలాడిపోతాది" అని నవ్వాడు. యజమాని కూడా నవ్వాడు. అప్పుడు నేనూ నవ్వాను. కొత్త కదా అనుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ రోజు నవ్వబట్టి ఎనిమిది సెట్లూ నా నెత్తిన పడ్డాయి. అవి ఇంట్లో అంట్ల గిన్నెలయ్యాయి, నేను అంట్లు తోమే మనిషినయ్యాను. ఒకసారి అమ్మ ఫోన్ చేసి "ఏటి సేస్తన్నావే?" అంటే, "సామాను కడుగుతన్నానమ్మా" అన్నాను. "ఇంట్లో ఒక్క పళ్ళెం కడగమంటే ఏడిసేదానివి, సముద్రం కాడికెల్లి కడుగుతన్నావేటే?" అంది.

షెడ్డు దగ్గర బోరు ఉప్పగా ఉండేది. మంచినీళ్ళు పల్లెలోని కుళాయి నుంచి డ్రమ్ముల్లో బండి మీద తెచ్చుకోవాలి. అలా తెచ్చి నింపిన తొట్టెలో ఒకరోజు సీనియర్ ఇసుక కాళ్ళు పెట్టి కడుక్కుంటుంటే చూశాను.

"అన్నా! అది నోట్లో పెట్టుకునే సామాను నీళ్ళు!"

"సముద్రంలో సేపలు సేసీ పని నీకు తెలీదేటే? దానికంటే నా కాళ్ళు సుబ్రమే" అన్నాడు. కాళ్ళు మాత్రం బయటికి తియ్యలేదు.

ఇంకోసారి పాత సెట్టు ఒకటి విప్పి అతనికి చూపించాను. ఇత్తడి ముక్క మూతిలో ఒక చిన్న జల్లెడ బిళ్ళ ఉంటుంది. అది వెండి రంగులో మెరవాలి. అది ముదురు పచ్చగా అయిపోయి ఉంది. మూత పెట్టకుండా తొట్టెలో పడేస్తే ఉప్పునీళ్ళు లోపలికి వెళ్ళి చేసిన పని అది.

"పచ్చగా ఉంటే మంచిదే కదేటి" అన్నాడు.

యజమానికి చూపించాను. పాత సెట్లు నాలుగింటికీ సామాను మార్చాలి, రబ్బర్లు తెప్పించండి అన్నాను. "వస్తాయమ్మా, వస్తాయి" అన్నాడు. అలా అంటూనే ఒక సీజన్ గడిపేశాడు.

ఆ సీజన్ చివర్లో ఒకరోజు మత్స్యకార మహిళలకు ఉచిత స్కూబా అని యజమాని ఒక కార్యక్రమం పెట్టాడు. షెడ్డు ముందు బ్యానర్ కట్టించాడు. జిల్లా నుంచి ఒక అధికారి వస్తాడు, పేపర్లో ఫొటో పడుతుంది. పల్లెలోని ఎనిమిది మంది ఆడవాళ్ళని ఒప్పించి పేర్లు రాసుకొచ్చింది నేనే. తీరంలో పుట్టి పెరిగిన ఆడవాళ్ళు ఒక్కసారైనా సముద్రం లోపల ఏముందో చూడాలని నాకు నిజంగానే ఉండేది. ముందు రోజు నాకు సెలవు. రాజాం వెళ్ళి ఆ ఉదయం తొలి బస్సులో వచ్చాను.

వచ్చేసరికి యజమాని హడావిడిగా ఉన్నాడు. అధికారి చెప్పిన టైముకంటే ముందే బయల్దేరాడట.

"కొత్త సెట్లు తియ్యకమ్మా. మద్దేనం హైదరాబాద్ గెస్టులు వస్తన్నారు, అవి వాళ్ళకి. వీళ్ళకి పాతవి సాల్లే. అయిదు నిమిసాలు ముంచి తియ్యడమే కదా."

ఆ మాటకి అక్కడే ఎదురు తిరగాలి. తిరగలేదు. "సరే సార్" అన్నాను.

పాత సెట్లు నాలుగూ తీగ మీద వేలాడుతున్నాయి. ఒక్కోదాన్నీ సిలిండర్‌కి బిగించాను. బొత్తాం నొక్కాను, రెండేసి సార్లు పీల్చాను. గాలి వచ్చింది. అక్కడితో ఆగకూడదు. సిలిండర్ కట్టేసి, గొట్టంలో మిగిలిన గాలి అయిపోయాక మళ్ళీ పీల్చి చూడాలి. అప్పుడు ఏమీ రాకూడదు, నోరు బిగుసుకుపోవాలి. ఏ కొంచెం గాలి వచ్చినా ఎక్కడో సందు ఉన్నట్టు. నీళ్ళలో ఆ సందులోంచి నీళ్ళు వస్తాయి. సెట్టుకి అర నిమిషం పట్టే పరీక్ష. అటు రోడ్డు మీద కారు హారన్ వినబడుతోంది, ఇటు యజమాని "బేగి, బేగి" అంటున్నాడు. నేను ఆ పరీక్ష చెయ్యలేదు. తనిఖీ కాగితం మీద నాలుగు గళ్ళలోనూ టిక్కులు పెట్టి కింద సంతకం చేశాను.

మొదట దిగుతానన్న ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. రోజూ ఒడ్డున చేపలు కొని గంపతో ఆటో ఎక్కి కోటబొమ్మాళి తీసుకెళ్ళి అమ్ముకునే మనిషి. నేను పిన్ని అని పిలిచేదాన్ని. అంతకుముందు వారం పేరు రాసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆవిడ తన మొగుడి గురించి అన్న మాట నాకు బాగా గుర్తు: "మా మావ రోజూ ఏటకెల్తాడు, ఏటి సూసొస్తాడో సెప్పడు. ఆడోళ్ళు పడవెక్కకూడదంటాడు. ఒకపాలి నానే సూసీసొస్తాను."

డైవింగ్ సూటు తొడుక్కోవడానికి పావుగంట పట్టింది. మిగతా ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు, ఆవిడా నవ్వింది. బోటులో కూర్చోబెట్టి సైగలు నేర్పాను. బాగుంటే ఇలా, బాగాలేకపోతే చెయ్యి ఇలా ఊపు, పైకి వెళ్ళాలంటే బొటనవేలు ఇలా. "ఊపిరి మాత్రం ఆపకు పిన్నీ, పీలుస్తా వదుల్తా ఉండు" అన్నాను. బడికెళ్ళిన పిల్లలా ప్రతి సైగా నాకు తిరిగి చేసి చూపించింది.

ఆవిడ వెనక నుంచి సిలిండర్ పట్టుకుని నేను, ముందు కెమెరాతో సీనియర్, మెల్లగా దిగాం. ఆరు మీటర్ల లోతులో రాళ్ళు. ఆ రోజు నీళ్ళు తేటగా ఉన్నాయి. చారల చేపలు గుంపుగా రాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. పిన్ని చెయ్యి చాచి వాటి వైపు చూపించింది. సీనియర్ ఫొటోలు తీస్తున్నాడు.

నేను పక్కకి వచ్చి ఆవిడ ముఖం చూశాను. బాగుందా అని సైగ చేశాను. బాగుందని సైగ చేసింది. కానీ గొంతు కదలడం ఏదో తేడాగా ఉంది. పీల్చిన ప్రతిసారీ గుటక వేస్తోంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ బాగుందంది. కెమెరా వైపు చెయ్యి కూడా ఊపింది. ఇంకో రెండు ఊపిరులు. అప్పుడు ఆవిడ ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరిపడింది. ముక్క నోట్లో ఉండగానే దగ్గింది. కళ్ళు పెద్దవయ్యాయి.

నా అదనపు ముక్క లాగి ఆవిడ నోటి ముందు పెట్టాను. పాతది తీసి ఇది పెట్టి, బొత్తాం నొక్కి లోపలి నీళ్ళు బయటికి కొట్టాను. ఆవిడ దగ్గి, పీల్చి, మళ్ళీ పీల్చింది. నా మోచెయ్యి పట్టుకున్న ఆవిడ గోళ్ళు సూటు మీద నుంచే తెలుస్తున్నాయి. పరుగెత్తి పైకి రాకూడదు. ఆవిడ కళ్ళలోకి చూస్తూ, ఊపిరి వదలమని చేత్తో చెప్తూ, నెమ్మదిగా పైకి తెచ్చాను.

బోటు అంచు పట్టుకోగానే వాంతి చేసుకుంది. అన్నీ ఉప్పునీళ్ళే.

"పిన్నీ, ఎప్పటి నుంచి వస్తన్నాయి నీళ్ళు?"

"దిగీసినకాడి నుంచి."

"మరి నాకు సెప్పొద్దా? చెయ్యి ఊపమన్నాను కదా!"

ఆవిడ వగరుస్తూ నా వైపు అమాయకంగా చూసింది. "అలాగే వస్తాది కాబోసనుకున్నానే. సముద్రం కదా, నీళ్ళు రావేటి? ఫొటో తీస్తన్నారు, నా మూలాన్న సెడిపోద్దని మింగీసినాను."

ఒక మనిషి చావు మింగుతూ మా ఫొటో చెడిపోకూడదని చెయ్యి ఊపింది.

ఒడ్డుకి వచ్చేసరికి యజమాని మైకు పట్టుకుని ఉన్నాడు. సీనియర్ అతని చెవిలో ఏదో చెప్పాడు. వెంటనే యజమాని మైకులో, "మన అమ్మకి లోపల కొంచెం బయమేసినాది! అయినా దిగింది కదా, చప్పట్లు కొట్టండి!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు నవ్వారు. "ఓలమ్మో, బయపడిపోనాదంట" అని ఎవరో అన్నారు. పిన్ని తల దించుకుంది. తనకి వేసింది భయం కాదని ఆవిడకే నమ్మకం లేకుండా పోయింది.

నేను ఆవిడ సెట్టు తీసుకుని నేరుగా వెళ్ళి, అధికారి ముందున్న బల్ల మీద, పూలదండల పక్కన పెట్టాను. నీళ్ళు కారి ఆయన కాగితాలు తడిశాయి. నోటి ముక్కని విప్పాను. లోపల రబ్బరు పొర అంచు కింద ఇసుక రేణువులు, గట్టిపడిన ఉప్పు, దాని మధ్యలో ఒక చేప పొలుసు. పొర మూసుకోవడానికి వీల్లేకుండా ఆ పొలుసు అడ్డంగా నిలబడి ఉంది.

"ఆవిడ భయపడలేదు. ఇదిగో, ఈ సందులోంచి పీల్చినప్పుడల్లా నీళ్ళు వెళ్ళాయి. మేం ఆవిడకి కడగని సామాను ఇచ్చాం" అన్నాను. మైకు లేకపోయినా అందరికీ వినబడింది.

సీనియర్ వైపు తిరిగాను. "నిన్న దీన్ని ఎవరు తీసుకెళ్ళారు?"

అతను ఇసుక వైపు చూశాడు. బోటు నడిపే మనిషే చెప్పాడు. ముందు రోజు రాళ్ళకి చిక్కుకున్న స్నేహితుడి వల తియ్యడానికి సీనియర్ ఆ సెట్టు వేసుకుని దిగాడట. పైకొచ్చాక పడవ అడుగున, చేపల నీళ్ళలో పడేశాడట. రోజంతా అది ఎండలో ఉంది. పొద్దున్న దాని మీద ఒక మగ్గు నీళ్ళు పోసి తీగకి తగిలించాడు.

అధికారి, "సరే, ఎవరికీ ఏం కాలేదు కదా" అన్నాడు.

"ఏం కాలేదేంటి సార్? అక్కడ ఉప్పునీళ్ళు కక్కుకుని వచ్చింది!"

యజమాని మైకు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, అందరికీ వినబడేంతగానే అన్నాడు. "పొద్దున్న తనిఖీ సేసిందెవరమ్మా? కాగితం మీద సంతకం ఎవరిది? నువ్వు సంతకం పెట్టీసి ఇప్పుడు మమ్మల్ని అంటే ఎలాగ?"

నన్ను అలా పట్టుకుంటాడని నాకు తెలుసు. పిన్ని దగ్గరికి వెళ్ళాను. తువ్వాలు కప్పుకుని ఇసుకలో కూర్చుని ఉంది.

"సంతకం నాదే పిన్నీ. అర నిమిషం పీల్చి చూస్తే తెలిసిపోయేది. నేను చూడలేదు."

నన్ను ఓదారుస్తుందని ఏ మూలో ఆశ ఉండి ఉంటుంది. ఆవిడ ఓదార్చలేదు.

"మరి సూడాల కదే! నిన్ను నమ్మీసి దిగినాను. ఆల మొకాలు సూసి దిగినానేటి? నీ మొకం సూసి దిగినాను" అంది. లేచి, సూటు అక్కడే విప్పి పడేసి, చీర చుట్టుకుని వెళ్ళిపోయింది.

మిగతా ఏడుగురూ గుసగుసలాడుతున్నారు. యజమాని ఇంకో ఇద్దరిని పిలవబోయాడు. నేను కొత్తవీ పాతవీ ఎనిమిది సెట్లకీ మూతలు బిగించి తొట్టెలో ముంచి, దాని గట్టు మీద కూర్చున్నాను. "అన్నీ విప్పి చూసేదాకా ఎవరూ దిగరు" అన్నాను. లాగేస్తాడేమో అనుకున్నాను. అంతమంది ముందు లాగలేకపోయాడు. అధికారి వెళ్ళిపోయాడు. బ్యానర్ దింపేశారు. సాయంత్రం నేను రాజాం బస్సులో ఉండగా యజమాని ఫోన్ చేసి, రేపటి నుంచి రావద్దన్నాడు.

ఇంట్లో మూడు వారాలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ధాన్యం బస్తాల మధ్య కూర్చుని వాళ్ళని మనసులో తిట్టుకునేదాన్ని. తిట్టీ తిట్టీ చివరికి నా సంతకం దగ్గర ఆగిపోయేదాన్ని. అక్కడ తిట్లు కూడా సరిపోయేవి కావు.

ఒక మధ్యాహ్నం సీనియర్ మా ఇంటికి వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి. అందులో రెండు రెగ్యులేటర్లు. యజమాని పంపాడట. గాలి ఆగకుండా కారిపోతోంది, ఎవరికీ చేతకావడం లేదు.

"బాగుసేసీయే సెల్లీ" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"నేను చెయ్యను. నువ్వే చేస్తావు. కూర్చో."

పెరట్లో కుళాయి పక్కన పీట వేసి కూర్చోబెట్టాను. మూడు గంటలు పట్టింది. మూతి తుడవడం దగ్గర్నుంచి, ఒక్కో ముక్క విప్పడం, ఉప్పు కరిగించడం, రబ్బరు పొర పక్కకి మడవకుండా తిరిగి కూర్చోబెట్టడం దాకా అన్నీ అతని చేతే చేయించాను. నా దగ్గరున్న కొత్త రబ్బర్లు వేయించాను. తప్పు చేసినప్పుడల్లా మొదటి నుంచి మొదలుపెట్టించాను. అమ్మ టీ తెచ్చి ఇస్తే, పని అయ్యేదాకా వద్దన్నాను. అతను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అది కూడా నాకు కోపం తెప్పించింది. ఇంత బాగా చెయ్యగలిగే చేతులే అవి.

చివరికి అన్నాడు, "ఆ పొలుసు నా పనేనే. తప్పయిపోనాది."

"ఆవిడకి సెప్పావా?"

"నేదు."

"ఒకే ఊళ్ళో ఉంటూ ఆవిడకి చెప్పలేదు గానీ, ఇన్ని మైళ్ళు వచ్చి నాకు చెప్తున్నావా? నీళ్ళు మింగింది నేనా? ఇవి నా దగ్గరే ఉంటాయి. ఆవిడకి చెప్పి రా, అప్పుడు ఇస్తాను."

వట్టి సంచితో వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు.

"సెప్పినాను. సేపల గంప కడుగుతన్నాది. ఆ నీళ్ళు తీసి మొకం మీద కొట్టీసినాది. బజారంతా సూసినారు" అన్నాడు.

ఇంటికొచ్చాక మొదటిసారి నవ్వాను. అతను నవ్వలేదు. రెగ్యులేటర్లు ఇచ్చేశాను.

ఆ యజమాని దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు రాజాంలో మా ఇంటి ముందు గదిలో రెగ్యులేటర్లు బాగుచేస్తాను. తీరం పొడవునా నాలుగైదు చోట్ల నుంచి బస్సులో పార్సిళ్ళు వస్తాయి. విప్పి చూడగానే కడిగినవాడెవడో, కడగనివాడెవడో తెలిసిపోతుంది. కడగనివాడికి ఫోన్ చేసి తిడతాను. కొందరు పార్సిల్ పంపడం మానేశారు. మానేస్తే మానెయ్యనీ.

పిన్నిని ఆ తర్వాత ఏడాదికి కోటబొమ్మాళి బజారులో చూశాను. ముందు గంప వైపే చూసి, "ఏటి కావాల?" అంది. తర్వాత తలెత్తి నన్ను గుర్తుపట్టింది.

"పిన్నీ, ఇంకొకసారి దిగుతావా? సామాను నాది. నేనే కడుగుతాను, నేనే ముందు పీల్చి చూస్తాను. నీతోపాటు ఇంకెవరూ రారు, కెమెరా కూడా ఉండదు."

"రాను."

"ఇప్పుడు కాదు, ఎప్పుడైనా..."

"రానన్నాను కదే. ఎన్నిసార్లు సెప్పాల?"

పక్కన ఒకామె బేరమాడడానికి వంగింది. పిన్ని ఆమె వైపు తిరిగి చేప మొప్ప ఎత్తి, ఎర్రగా ఉందో లేదో చూసుకోమని చూపించింది. ఆవిడ మళ్ళీ నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఆవిడకి లేదు. బస్టాండు వైపు నడిచాను. దారంతా నా మీద నాకు కోపంగానే ఉంది.